సరిగ అంచులో పరమాణువుల సాక్ష్యం

"పాత పట్టుచీరలు కొంటాం! జరీ చీరలు కొంటాం!"

మిట్టమధ్యాహ్నం వేళ ఈ కేక వినిపించని తెలుగు పట్టణం అరుదు. కొన్నేళ్ళ క్రిందట అటువంటి వర్తకుడొకడిని మా అమ్మ పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. పెట్టె అడుగు నుంచి రెండు చీరలు తీసి అతని ముందుంచింది. ఒకటి మా అమ్మమ్మ పెళ్ళినాటిది. మడతల దగ్గర పట్టు చీలిపోయి, కట్టుకోవడానికి పనికిరాని స్థితిలో ఉంది. రెండవది మా చెల్లెలి పెళ్ళికి కొన్నది, ఒక్కసారే కట్టింది. వెలలో రెంటికీ పోలికే లేదు.

అతడు రెండు అంచుల నుంచీ చెరొక పోగు లాగాడు. గోటితో విప్పి, నల్లని ఒరగల్లు మీద గీశాడు. గీత మీద ద్రావకం చుక్క వేసి చూశాడు. తరువాత అగ్గిపుల్ల వెలిగించి మిగిలిన పోగును కాల్చాడు. "అమ్మగారూ, పాతది వెండి, తీసుకుంటాను. కొత్తది రాగి, నాకొద్దు," అన్నాడు. అమ్మ నమ్మలేదు. కొత్త చీరకు సిల్క్ మార్క్ చీటీ ఉన్నది కదా అని వాదించింది. "పట్టు మంచిదేనమ్మా. నేను చెబుతున్నది సరిగ మాట," అన్నాడతడు.

అతడన్నది అక్షరాలా నిజం. సిల్క్ మార్క్ పట్టుకు మాత్రమే పూచీపడుతుంది; సరిగ గురించి ఒక్క మాట కూడా చెప్పదు. నగ మీద హాల్‌మార్క్ ఉన్నట్లు అంచు మీద ఏ ముద్రా ఉండదు. "పాతదాని మీద బంగారం ఎంత ఉంటుంది?" అని నేను అడిగితే, అతడు నవ్వి, "కంటికి ఆనేటంత," అన్నాడు. ఒరగల్లుకు తెలియనిది, నిప్పుకు అంతుపట్టనిది ఆ ప్రశ్నే. దానికి జవాబు చెప్పగలిగిన విద్య ఒకటున్నది. అది పుట్టింది చీరల కోసం కాదు, పరమాణువు గర్భంలో ఏమున్నదో తెలుసుకోవడం కోసం.

ఆ రెండు అంచులలోని సరిగ ఏ ఊరిదని అడిగితే, చాలావరకు జవాబు ఒకటే: సూరత్. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ గుజరాతు నగరం మొగలాయీల కాలంలో దేశానికే పెద్ద రేవు. నేడు అక్కడి జరీ పరిశ్రమకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ధర్మవరం, గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ మగ్గాల మీద మెరిసే సరిగలో ఎంతో భాగం అక్కడినుంచి వచ్చేదే. తెలుగువారికి ఆ ఊరితో ఉన్న బంధం అంతటితో తీరదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని వెదుక్కుంటూ వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడినాయి. వారి బిడ్డల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతూ వచ్చింది.

సరిగ తయారీ చూడడానికి సులువుగా కనిపించే పని. చేయడానికి మహా కష్టం. పూర్వపు పద్ధతిలో వెండి కడ్డీని సానబెట్టి, దానిమీద పలుచని బంగారు రేకు చుట్టి, కాచి, కమ్మచ్చులో పెట్టి లాగేవారు. ఒక రంధ్రం కంటె మరొకటి సన్నగా ఉండే ఆ కమ్మచ్చు గుండా లాగినకొద్దీ తీగె పొడవు సాగుతుంది, లావు తగ్గుతుంది. విశేషమేమిటంటే, పైనున్న బంగారం లోపలి వెండితో పాటు అదే నిష్పత్తిలో సాగుతుంది, కాని దానిని విడిచిపోదు. ఇప్పుడు ఆ లాగడానికి వజ్రంలో తొలిచిన అచ్చులు వాడుతున్నారు. వెంట్రుక కంటె సన్నమైన తీగెను నున్నని ఉక్కు రోళ్ళ మధ్య నలగ్గొడితే రిబ్బను వంటి చదునైన తీగె వస్తుంది. సూరత్‌లో దీనిని బాద్లా అంటారు. దానిని పట్టుపోగు చుట్టూ మెలివేసి చుడితే కసబ్, అంటే మన సరిగ. నేడు బంగారపు మెరుగు చాలావరకు చివరనే, విద్యుత్తు సాయంతో పూతగా పెడుతున్నారు.

ఇక బజారులో దొరికే రకాలు చూడండి. వెండి మీద బంగారం పూసినది అసలైన జరీ. రాగి మీద వెండి పూసి, ఆ పైన మెరుగు పెట్టినది వేరొకటి. ఉత్త రాగిది మరొకటి. ప్లాస్టిక్ పొర మీద లోహపు ఆవిరి పట్టించినది ఇంకొకటి. రెండవ రకాన్ని అంగళ్ళలో "టెస్టెడ్ జరీ" అంటారు. ఎవరు, ఎప్పుడు టెస్టు చేశారో దేవుడికెరుక! పేరు విని అదేదో పరీక్షలో నెగ్గిన మేలి రకమనుకొని మోసపోయిన వారున్నారు. నిజానికి ఈ రకాలన్నీ ఎవరి ధరకు తగినట్లు వారు కొనుక్కోదగినవే. ఒకదాని పేరు చెప్పి మరొకటి అమ్మినప్పుడే చిక్కు.

ఇప్పుడు మా వర్తకుడి మాట లెక్కలో చూద్దాం. బాద్లా మందం 15 మైక్రాన్లు అనుకొందాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అందులోని వెండి బరువులో నూటికి ఒక వంతు బంగారం రెండు ముఖాలా సమంగా పరచుకొని ఉందనుకొందాం. అప్పుడు ఒక్కొక్క ముఖం మీది బంగారు పొర మందం సుమారు 40 నానోమీటర్లు. అంటే మైక్రానులో 25వ వంతు. తలవెంట్రుక మందంలో దాదాపు 1,700వ వంతు. అది కాస్తా సగమైతే కన్ను పసికట్టలేదు. కొత్త చీరగా ఉన్నంతకాలం మెరుపులో తేడా అంతగా కనబడదు. తేడా తెలిసేది పదేళ్ళ తరువాత, అంచు నల్లబడినప్పుడు.

ఇంత పలుచని పొరను కొలిచే విద్యకు పునాది పడింది కూడా బంగారు రేకు మీదనే కావడం చిత్రం. 1909లో మాంచెస్టర్ నగరంలో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో గైగర్, మార్స్‌డెన్ అనే యువకులు పలుచని లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలను పంపి చూశారు. బంగారాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం, అంత పలుచగా సాగగొట్టడానికి వీలైన లోహం మరొకటి లేకపోవడమే. దాదాపు కణాలన్నీ రేకును దాటి నేరుగా వెళ్ళిపోయినాయి. కాని వేలల్లో ఒకటి మాత్రం గోడకు కొట్టిన బంతిలా వెనక్కు తిరిగి వచ్చింది. పరమాణువు బరువంతా నడిమధ్య ఒక అతిసూక్ష్మమైన కేంద్రకంలో ఇమిడి ఉన్నదని రూథర్‌ఫర్డ్ 1911లో తేల్చింది ఈ వెనుదిరిగిన కణాల సాక్ష్యంతోనే.

కణం వెనుదిరిగిందని తెలిసిన తరువాత, ఎంత వేగంతో వెనుదిరిగిందని అడగవచ్చు. గోళీలాడిన వారెవరికైనా ఇందులోని కిటుకు తెలుసు. చిన్న గోళీని ఇనుపగుండుకు కొడితే అది దాదాపు వచ్చిన వేగంతోనే ఎగిరి వస్తుంది. తన కంటె కొంచెమే పెద్దదైన గోళీకి తగిలితే వేగంలో చాలాభాగం దానికి ఇచ్చి, తాను నీరసంగా వెనక్కు దొర్లుతుంది. హీలియం అయాన్లను 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో, అంటే సెకనుకు దాదాపు 10 వేల కిలోమీటర్ల వేగంతో, ఒక లోహం మీదికి పంపినారనుకోండి. బంగారపు కేంద్రకానికి తగిలి నేరుగా వెనుదిరిగినది తన శక్తిలో 92 శాతం నిలుపుకొంటుంది. వెండికి తగిలితే 86 శాతం. రాగికి తగిలితే 78 శాతం. తిరిగివచ్చిన కణాన్ని పట్టి దాని శక్తిని కొలిస్తే, అది ఎవరిని పలకరించి వచ్చిందో తెలిసిపోతుంది.

అంతకంటె సొగసైన సంగతి మరొకటుంది. పై పొరను దాటి లోపలి వెండిని తాకి వచ్చే కణం, బంగారంలో నడిచినంతసేపూ ఇంత అని శక్తి పోగొట్టుకొంటుంది. ఊరి పొలిమేరలో సుంకం గేటున్నట్లు, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చెల్లించాలి. బంగారపు పొర ఎంత మందమైతే సుంకం అంత ఎక్కువ. కనుక వెండి నుంచి వచ్చిన కణాల శక్తి ఎంత తరిగిందో చూస్తే పైనున్న పొర మందం లెక్కకు వస్తుంది. ఇందుకు పొరను గీకనక్కర లేదు, కరిగించనక్కర లేదు. పది, ఇరవై నానోమీటర్ల తేడాను కూడా ఇది పసికడుతుంది. దీనికి రూథర్‌ఫర్డ్ వెనుపరిక్షేపణ పద్ధతి అని పేరు. బాద్లాను విప్పి రెండు ముఖాలనూ విడివిడిగా చూస్తే ఇంకొక కథ కూడా బయటపడవచ్చు. రేకు చుట్టి లాగిన పాతకాలపు తీగెకు రెండు వైపులా బంగారం ఉంటుంది. పోగు చుట్టూ చుట్టిన తరువాత పూత పెట్టినదానికి లోపలి వైపు బంగారం నామమాత్రం. అంటే ఈ కొలత మోసాన్నే కాదు, చేతిపనితనాన్ని కూడా చెబుతుంది.

ఈ పద్ధతి చంద్రమండలం దాకా వెళ్ళింది. 1967 సెప్టెంబరులో చంద్రుని మీద దిగిన అమెరికా వారి సర్వేయర్-5 నౌకలో, షికాగో శాస్త్రజ్ఞుడు ఆంథొనీ టర్కెవిచ్ రూపొందించిన పెట్టె ఒకటుంది. అందులోని క్యూరియం వెదజల్లిన ఆల్ఫా కణాలు చంద్రుని మట్టిని తాకి వెనుదిరిగి, అది మన బసాల్ట్ శిలను పోలినదని చెప్పినాయి. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దిగినప్పుడు, ప్రజ్ఞాన్ అనే బండి మీద కూడా క్యూరియంతో పనిచేసే పరికరం ఒకటి వెళ్ళింది. అయితే అది ఆల్ఫా కణాల తాకిడికి మట్టి వెలిబుచ్చే ఎక్స్ కిరణాలను చదివింది, అక్కడ గంధకం ఉన్నట్లు నిర్ధారించింది. దానిని తయారుచేసింది సూరత్ ఉన్న గుజరాతులోనే, అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయం.

ఎక్స్ కిరణాల ప్రసక్తి వచ్చింది కనుక దాని సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. గోళీల లెక్కకు ఒక బలహీనత ఉంది: బరువులో ఇరుగుపొరుగు మూలకాలను అది విడదీయలేదు. వెండి పరమాణు భారం 108, కాడ్మియంది 112. తిరిగివచ్చే హీలియానికి ఆ తేడా దాదాపు తెలియదు. కేడీఎం నగల పుణ్యమా అని కాడ్మియం పేరు మన ఇళ్ళలోనూ వినబడినదే. ఇక్కడ ప్రోటాన్లు అక్కరకు వస్తాయి. ప్రోటాన్ తాకిడికి పరమాణువులో లోపలి ఎలక్ట్రాన్ ఊడిపోతే, ఆ ఖాళీ నిండేటప్పుడు వెలువడే ఎక్స్ కిరణం ఏ మూలకానిదో చెప్పే వేలిముద్ర వంటిది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 1970లో ఈ పద్ధతికి రూపం వచ్చింది. పిక్సీ అనే ముద్దుపేరుతో అది లోకమంతా వ్యాపించింది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం నేలమాళిగలో ఇందుకోసమే ఒక కణ త్వరణ యంత్రాన్ని నెలకొల్పుకొన్నారు. మాడ్రిడ్, ఫ్లారెన్స్ నగరాల శాస్త్రజ్ఞులైతే పాత వస్త్రాలలోని లోహపు తీగెలనే ఈ పరీక్షకు పెట్టినారు. ప్రోటాన్ల శక్తిని మార్చుతూ పోయి, తక్కువ శక్తితో పై పొరను, ఎక్కువ శక్తితో లోపలి పొరను చదివిన వారి పరిశోధన 2002లో వెలువడింది. మన సరిగకు సరిగ్గా సరిపోయే ఉపాయం!

న్యూట్రాన్ల దారి వేరు. వాటికి విద్యుదావేశం లేదు కనుక లోహంలో లోలోపలికి చొచ్చుకొనిపోతాయి. 1936లో కోపెన్‌హేగన్‌లో హెవెసీ, హిల్డె లెవీ కనిపెట్టిన ఈ పద్ధతిలో, న్యూట్రాన్‌ను మింగిన పరమాణువు రేడియో ధార్మికమై, తన గుర్తును గామా కిరణంగా వెలిబుచ్చుతుంది. బంగారం దీనికి ఎంతో చక్కగా స్పందిస్తుంది. రెండు దినాల పదహారు గంటలకు సగం చొప్పున తరిగే దాని కిరణాన్ని గుర్తించడం సులువు. టంగ్‌స్టన్ నింపి పైన బంగారం పోతపోసిన కడ్డీని బరువును బట్టి గుర్తించలేము. రెంటి సాంద్రత ఒకటే అనవచ్చు, ఆర్కిమిడీస్ లేచి వచ్చినా తికమకపడేటంత. ఎక్స్ కిరణాలు పైపైనే ఆగిపోతాయి. న్యూట్రాన్లు ఆ గుట్టు విప్పగలవు. అయితే చీరకు ఈ వైద్యం పనికిరాదు. వెండిలో పుట్టే ఒక రకపు రేడియో ధార్మికత సగానికి తగ్గడానికి 250 రోజులు పడుతుంది. పెళ్ళిచీరను రియాక్టరులో పెట్టి తెచ్చి, ముహూర్తం రెండేళ్ళకు పెట్టుకోమని ఎవరు చెప్పగలరు? పరీక్షకు పంపవలసింది విప్పిన పోగు ముక్క మాత్రమే.

సూరత్ పేరెత్తి వజ్రం మాట చెప్పకపోతే పాఠకులు ఒప్పుకోరు. ప్రపంచంలో సానబట్టే వజ్రాలలో పదింట తొమ్మిది ఆ ఊరి చేతుల మీదుగా పోతాయని వాడుక. నేడు ప్రయోగశాలలో పెంచిన వజ్రాలకు కూడా అది పెద్ద నెలవు. గనిలోని వజ్రమూ, యంత్రంలో పెరిగినదీ రెండూ కర్బనమే కనుక బరువుల లెక్క చెప్పే మన హీలియం ఇక్కడ తెల్లమొగం వేస్తుంది. ఈ తగవు తీర్చేది ప్రధానంగా కాంతి పరీక్షలు. లోపల నత్రజని పరమాణువులు ఏ తీరున కూడుకొన్నాయో, వజ్రం పొరలు పొరలుగా ఎలా పెరిగిందో అవి చూపుతాయి. నత్రజని దాదాపు లేని మేలి జాతి రాళ్ళను నేటికీ వజ్రాల వర్తకులు గోల్కొండ పేరుతో పిలుస్తారు. ఆ పేరు వెనుకనున్న కొల్లూరు గనులు మన కృష్ణ ఒడ్డువే. 1970లలో దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో సెల్‌షాప్ బృందం వజ్రాలను న్యూట్రాన్లకు గురిచేసి, అతిసూక్ష్మమైన పాళ్ళలో ఉన్న మలినాలను గుర్తించింది. ఏ గని రాయి ఏదో చెప్పవచ్చునన్న ఆశ అప్పుడే మొలకెత్తింది. ఆ కథ మరొక వ్యాసానికి చాలినంత ఉంది.

ఈ విద్య మన దేశానికి కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగానికి ఆద్యుడు స్వామి జ్ఞానానంద. పశ్చిమ గోదావరి నుంచి వెళ్ళి హిమాలయాలలో తపస్సు చేసిన ఈ యోగి, ప్రాగ్ నగరంలో ఎక్స్ కిరణాల వర్ణపటాలు చదివి, లివర్‌పూల్‌లో చాడ్విక్ వద్ద పరిశోధన సాగించాడు. భువనేశ్వర్‌లోని భౌతికశాస్త్ర సంస్థలో 30 లక్షల వోల్టుల త్వరణ యంత్రముంది. హైదరాబాదులో భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన పదార్థ సంఘటన నిర్ధారణ జాతీయ కేంద్రంలో అదే స్థాయి యంత్రం ఉంది. పదార్థంలో ఏముందో, ఎంత ఉందో, ఏ లోతున ఉందో తేల్చడమే ఆ కేంద్రం వృత్తి.

ఇంతకూ ధర్మవరం నేతగాడు తన సరిగ పోగును పట్టుకొని హైదరాబాదు రావాలా? అక్కర లేదు, వచ్చినా అంత పెద్ద యంత్రానికి అది తగిన పని కాదు. బంగారు అంగళ్ళలోనూ, హాల్‌మార్క్ కేంద్రాలలోనూ ఎక్స్ కిరణాలతో పనిచేసే చిన్న పెట్టెలు ఈనాడు ఎన్నో ఉన్నాయి. పోగు పెడితే నిమిషంలో వెండి ఇంత, రాగి ఇంత, బంగారం ఇంత అని రెండు దశాంశ స్థానాలకు అంకెలు చూపుతాయి. ఆ అంకెలు చూడగానే మనకు భక్తి పుడుతుంది. కాని ఆ పెట్టె తనంతట తాను ఏమీ ఎరుగదు. తెలిసిన మందం, తెలిసిన పాళ్ళు ఉన్న నమూనాను ముందు దానికి చూపించి, "ఇది ఇంత" అని నేర్పాలి. మందమైన బంగారు నగ మీద నేర్చుకొన్న పెట్టెకు 40 నానోమీటర్ల పొర ఇస్తే, పొరను దాటి లోపలి వెండిని కూడా కలిపి చదివి, రెంటి సగటును చెబుతుంది. పోగులోని పట్టు దాని లెక్కకే రాదు.

త్రాసుకు పడికట్టు రాళ్ళు ఎటువంటివో ఈ పెట్టెలకు నమూనాలు అటువంటివి. రాయి తప్పితే వర్తకుడు సత్యహరిశ్చంద్రుడైనా తూకం తప్పుతుంది. హీలియం కణాల పరీక్ష విలువ ఇక్కడే. దానికి వేరొక నమూనాతో పోల్చి చూసుకోవలసిన అవసరం లేదు. కేంద్రకాలు రెండు ఢీకొంటే ఏమవుతుందో రూథర్‌ఫర్డ్ సూత్రం ముందే చెబుతుంది కనుక పొర మందం నేరుగా లెక్కకు వస్తుంది. ఏడాదికి కొన్ని సరిగ నమూనాలను అలా కొలిచి, ముద్ర వేసి, ఊరూరా ఉన్న పెట్టెలకు పడికట్టు రాళ్ళుగా ఇస్తే చాలు. ఖర్చు దృష్ట్యా ఇది అసాధ్యమని నేననుకోను. మార్కుల లెక్కన సరిగ అప్పు తెచ్చుకొనే నేతగాడు వర్తకుని మాటనే నమ్ముతాడు. చీర కొన్నవారు నేతగాణ్ణి నమ్ముతారు. అంచు నల్లబడితే చెడ్డపేరు వచ్చేది నేతగాడికే. సూరత్ నుంచి సరిగ పంపిన చేయి ఎవరిదో కొన్నవారికి ఎన్నటికీ తెలియదు. నిజాయితీగా వెండి తీగె లాగే సూరత్ పనివాడికి కూడా ఇందులో నష్టమే, రాగివాడి ధరతో అతడు పోటీ పడవలసి వస్తున్నది కనుక.

మా అమ్మమ్మ చీరను అమ్మ చివరకు అమ్మలేదు. దాని అంచు నుంచి రాలిన జానెడు పోగును నేను కాగితం పొట్లంలో భద్రపరచినాను. ఆ పోగును కొలవడం ఎలాగని ఈ విద్య ఎరిగిన ఒక మిత్రుణ్ణి అడిగాను. హీలియం పుంజానికి చదునైన, నున్నని తలం కావాలన్నాడు. మెలిపడి ఉన్న తీగె మీద పడితే కణాలు ఒక్కొక్కటి ఒక్కొక్క కోణంలో తగిలి లెక్క చెడుతుందట. ముందు ఆ బాద్లాను పట్టుపోగు నుంచి తెగకుండా విప్పాలి. తరువాత వేలి గోరు కూడా గీటు పెట్టకుండా, వెంట్రుక కంటె సన్నని ఆ రిబ్బనును పలక మీద చదునుగా పరచాలి. అది తనవల్ల కాదన్నాడు. సూరత్‌లో తీగె చుట్టే ముసలి పనివాడెవరినైనా వెదకమన్నాడు.